చల్లగదిలో నడక

ఎండలు ముదిరినప్పటి నుంచి గౌసియా కాళ్లు పొద్దున పూట మాత్రమే ఆమె మాట వింటున్నాయి. ఎండ పిట్టగోడ దిగి వాకిట్లోకి వచ్చిందంటే ఎడమకాలు బరువెక్కుతుంది, దాని వెనకనే కుడికాలు. చూపు కూడా ఆవిరి పట్టిన అద్దంలా అయిపోతుంది. అందుకే ఫజర్ నమాజు అయీ కాకముందే గోడకు ఆనించిన చట్రాన్ని తల్లి చేత దింపించుకుని దాని ముందు కూర్చుంటుంది.

చట్రానికి బిగించింది ఒక పెండ్లికూతురి రవికె చెయ్యి. వంగపండు రంగు పట్టు. అంచుకు మామిడి పిందెలు, పిందెల నడుమ పూసలు. ప్రొద్దుటూరులో పెండ్లిబట్టల అంగళ్లకు కొదవ లేదు, మగ్గం వర్కు చేసే ఆడవాళ్లకూ కొదవ లేదు. అయినా ఈ అంగడివాడు గౌసియా చేతిపనే కావాలని ఇంటికి పంపించాడు.

మగ్గం వర్కు చూసేవాళ్లు పైచేతినే చూస్తారు. కొక్కెం సూది గుడ్డలోకి దిగడం, జరీపోగును పట్టుకుని పైకి రావడం, గొలుసు మాదిరి కుట్టు ముందుకు పోవడం అంతా పైనే కనిపిస్తుంది. గుడ్డ కింద ఎడమచేయి చేసే పని ఎవరికీ కనిపించదు. ఆ వేళ్లే పోగును సూదికి చుట్టి అందించాలి. అది చూసి చేసే పని కాదు, తాకి చేసే పని. గౌసియా ఎడమచేతి వేళ్లకు ఆ తాకుడు పోయింది. ఎవరో మందపాటి దుప్పటి చుట్టినట్టుగా ఉంటాయి. సూది దించుతుంది, పైకి లాగుతుంది; పోగు రాదు. మళ్లీ దించుతుంది. ఒంగి చట్రం కిందికి తల పెట్టి, పోగు వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కంటితో చూసుకుని, మళ్లీ పైకి లేస్తుంది.

"ఆపా, ఇది చూడు!"

తమ్ముడు నయీం సెల్‌ఫోను పట్టుకుని వచ్చాడు. ఆటో తీయబోతూ ఆగిపోయినట్టున్నాడు, తాళంచెవి వేలికే వేలాడుతోంది. ఫోను తెచ్చి చట్రం మీద, పట్టుగుడ్డ నడిమధ్యన పెట్టాడు.

"పనిమీద పెడ్తావేందిరా," అంది గౌసియా. కానీ చూసింది.

తెల్లటి వరండాలో ఆకుపచ్చ సల్వారు వేసుకున్న ఒక ఆడమనిషి నడిచొస్తోంది. చేతికర్ర లేదు, పట్టుకున్నవాళ్లు లేరు. చివరికొచ్చి నవ్వింది. అది తానే. చలికాలంలో, భర్త అన్సర్ కువైట్ నుంచి పంపిన డబ్బుతో సిటీ ఆస్పత్రిలో సూది వేయించుకున్న మరునాడు తీసిన వీడియో. కింద ఎర్రక్షరాలు పరిగెడుతున్నాయి: మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు స్టెమ్ సెల్ థెరపీ, మంచం దిగి నడిచిన ప్రొద్దుటూరు మహిళ.

"మల్లా పెట్టినారు. ఈసారి మన తెలుగు మాటలు కూడా కలిపినారు. ఆటో స్టాండులో అందరూ చూస్తాండారు," అన్నాడు నయీం, సంబరంలో మాట తడబడుతూ. "నువ్వే గదా మీ అక్క అని నన్నడుగుతాండారు!"

"నువ్వు మీసాలు తీసేసినావు గదా, అనుకునింటారు ల్యా," అని గౌసియా ఫోను తీసి పక్కన పెట్టింది. వాడు నవ్వాడు. ఆమె మళ్లీ సూది దించింది. పోగు రాలేదు.

వీడియోలో నడిచిన మనిషి ఎవరో తనకు అక్కో చెల్లెలో అయినట్టుంది. ఆ మనిషిని చూస్తే కోపం లేదు. కాళ్ల వైపు చూడకుండా నడిచింది చూడు, అది చూస్తేనే ఫోను బోర్లా తిప్పి పెట్టాలనిపించింది.

ఎండ వాకిట్లోకి రాగానే తల్లి అజ్మత్ బీ వీధి తలుపు వేసేసింది. ఇది ఈ మధ్య అలవాటైంది. గౌసియా లేచి నడిచిందని, మొక్కు తీరిందని, సిటీ నుంచి వచ్చిన వారంలోనే అజ్మత్ బీ నియాజ్ చేసింది. బగారా అన్నం, దాల్చా వండించి, వీధి చివరి దర్గా ముందర ఫాతిహా ఇప్పించి, హిందువులూ తురకలూ అనకుండా వీధి వీధంతటికీ విస్తర్లు వేసింది. తిన్నవాళ్లంతా గౌసియా తలమీద చేయి పెట్టి పోయారు. ఇప్పుడు మధ్యాహ్నం పూట గౌసియా గోడ పట్టుకుని పాకుతోందని ఎవరికీ తెలియకూడదు.

తలుపు అవతల నుంచి పక్కింటి గుల్జార్‌బీ గొంతు వినబడింది. "ఏమ్మే గౌసియా! కాళ్లొచ్చినంక కండ్లకే ఆనడం లేదే! మంచంలో ఉన్యప్పుడే నయం, దినమ్మూ కనపడ్తాంటివి!"

"వర్కు శానా ఉండాది ఖాలా!" అని గట్టిగా అరిచింది గౌసియా, మంచం మీద వెల్లకిలా పడుకుని, మెడకు తడిటవలు చుట్టుకుని.

ఆ పొద్దే ప్రసూన ఫోను చేసింది. ప్రసూన ఆ ఆస్పత్రి తరపున ఊళ్లు తిరిగే అమ్మాయి. ఎప్పుడు మాట్లాడినా తేనె పూసినట్టు మాట్లాడుతుంది.

"అక్కా, ఆదివారం జమ్మలమడుగులో మన క్యాంపండీ. కల్యాణమండపం తీసుకున్నాం. మీరొచ్చి స్టేజీ మీద అలా ఒకసారి నడిచి కూర్చుంటే చాలు. పెద్ద డాక్టరుగారు మీ రెండో డోసు ఉచితంగా వేస్తామన్నారు."

"ఎండలకు నాకు లేసేదానికే అయితా లేదు ప్రసూనమ్మా. మీకు చెప్తినే."

"రెండో డోసు ఆలస్యమైంది కదండీ, అందుకే. హాలు మొత్తం ఏసీ అక్కా, శాలువా తెచ్చుకోండి. ఆఁ, ఇంకోటి. పులివెందుల నుంచి ఒక తల్లీకూతుళ్లు శుక్రవారం మీ ఇంటికొస్తారు. ఆ అమ్మాయిక్కూడా మీ నరాల జబ్బే. మీ వీడియో చూశాక వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి మిమ్మల్ని కళ్లారా చూస్తారట."

అజ్మత్ బీ ఫోనుకు చెవి ఆనించి అంతా విన్నది. "రమ్మను," అని చేత్తో సైగ చేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం వాళ్లు వచ్చే వేళకు అజ్మత్ బీ సోడా అంగడి నుంచి ఐసుగడ్డ తెప్పించింది. బక్కెట్లో నీళ్లు పోసి, ఐసు పగలగొట్టి వేసి, గౌసియా కాళ్లు రెండూ పిక్కల దాకా అందులో పెట్టించింది. మెడకు తడిగుడ్డ చుట్టింది. కూలరు గడ్డి మీద చెంబుతో నీళ్లు చల్లుతూనే ఉంది.

"అమ్మీ, ఇది మోసం గాదా?"

"ఏం మోసం? నడిసేది నువ్వే గదా. నేనేమన్నా నిన్ను తోలుబొమ్మ మాదిరి ఎనక నుంచి ఆడిస్తాండానా? పాపం ఆయమ్మ అంత దూరం నుంచి బిడ్డను ఎంటబెట్టుకొని వస్తాంది. కడుపు సల్లగుండనీ."

ఆటో ఆగిన చప్పుడు కాగానే బక్కెట్టు మంచం కిందికి తోసి, కాళ్లు తుడిచి, మెడమీది గుడ్డ లాగేసింది.

వచ్చినామె పేరు కమలాంబ. ఆమె భర్త యజ్ఞనారాయణ పులివెందులలో గుడి పూజారి. బక్కపలుచని మనిషి, నుదుట కుంకుమ చెమటకు కరిగి కారింది. ఆమె భుజం పట్టుకుని, రెండో చేతిలో కర్ర ఊనుకుంటూ కూతురు హరిణి గడప దాటింది. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే వయసు. గడప దాటేటప్పుడు కుడికాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. ఆ చేత్తో ఎత్తడం చూసి గౌసియాకు తన తొడమీద తన చెయ్యే పడినట్టయింది.

తమ ఇంట్లో ఏమీ ముట్టరేమోనని అజ్మత్ బీ టెంకాయబోండాలు కొట్టించి పెట్టింది.

"ఎందుకమ్మా ఇవన్నీ," అంది కమలాంబ. "మంచినీళ్లివ్వండి చాలు. ఆ పట్టింపులన్నీ ఈ బిడ్డ జబ్బు ఎప్పుడో మానిపించేసింది."

చెంబు ఎత్తి గటగటా తాగింది. తాగుతున్నంతసేపూ చెంబు అంచు మీదుగా గౌసియా కాళ్లనే చూస్తూ ఉంది.

గౌసియా లేచింది. మంచం నుంచి గడప దాకా నడిచింది, తిరిగి వచ్చింది. నేల చల్లగా తగిలింది, తగలడం తెలిసింది. ఎడమ మడమ రవ్వంత ఈడ్చింది కానీ చూసేవాళ్లకు కనపడేంత కాదు.

కమలాంబ చెంబు కింద పెట్టి, నేలమీద కూలబడి, గౌసియా పాదాలను రెండు చేతులా పట్టుకుంది. "అయ్యో, లేయండమ్మా, నా కాళ్లు పట్టుకోగూడదు!" అని గౌసియా వెనక్కి జరగబోయింది. ఆమె వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది, పుట్టిన బిడ్డ వేళ్లు లెక్కపెట్టుకుంటున్నట్టు.

"నేను చెప్పలేదా హరిణీ! చూశావా, మన పక్కూరి మనిషి! ఎక్కడో అమెరికాలో కాదు!" అని కూతురి వైపు తిరిగింది. "తిరుపతి డాక్టరు ఇచ్చే మందు ఆపేశామమ్మా. అది వాడుతూ ఉంటే ఈ కణాలు పట్టవని ప్రసూన గారు చెప్పారు. రెండు నెలలయింది ఆపి. ఆపినప్పటి నుంచి కుడిచెయ్యి కూడా పట్టు తప్పుతోంది దీనికి. నాకు భయంగానే ఉండేది. ఇప్పుడు నిన్ను చూశాక, ఇంక భయం లేదు."

హరిణి కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

అజ్మత్ బీ తన మొక్కు సంగతి చెబితే, ఆ దర్గా ఎక్కడని కమలాంబ అడిగింది. తానూ ఒక మొక్కు మొక్కుకుంటానంది. అజ్మత్ బీ ముసుగు సర్దుకుని ఆమెను వెంటబెట్టుకుపోయింది. ఇద్దరు తల్లులూ ఎండలో వీధి చివరికి మాట్లాడుకుంటూ పోతున్న చప్పుడు కాసేపు వినబడింది.

హరిణి ఒంగి మంచం కిందికి చూసింది. బక్కెట్లో ఐసుముక్క ఒకటి ఇంకా తేలుతోంది.

"అక్కా," అంది, "నేను ఫ్రిజ్జులో టవలు పెట్టుకుంటా."

గౌసియా ఆమె ముఖం చూసింది. ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

"మా నాయన గుళ్లో అభిషేకం నీళ్లు శానా చల్లగుంటాయి. బిందె బిందె నా నెత్తిన పోసుకోవాలనిపిస్తాది."

"నీకు కాళ్లల్లో చీమలు పారతాయా?"

"చీమలు కాదక్కా. నడుముకు బెల్టు బిగించినట్టుంటాది. ఎవరో వెనక నిలబడి లాగుతానే ఉంటారు. ఒకనాడు బస్సులో నిజంగా వెనక్కి తిరిగి, ఎవరయ్యా నువ్వని అరిచినా. వెనక సీట్లో ముసలాయన బిత్తరపోయినాడు."

గౌసియా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఈ జబ్బు వచ్చినాక దాని గురించి ఒకరితో ఇట్లా మాట్లాడటం ఇదే. డాక్టర్లు అడిగారు, సిటీలో ప్రసూన కెమెరా పెట్టి అడిగింది. ఎవరడిగినా పక్కనున్న నయీమో తల్లో జవాబు చెప్పేవారు.

"సూది వేసిన ఎన్నాళ్లకు కాలు లేచిందక్కా?" అని అడిగింది హరిణి.

"మరుసటి రోజే. వీడియో తీసినారు గదా."

"అంటే ఆ రోజే మొదటిసారి లేచిందా?"

గౌసియా నోరు తెరిచింది. అవునని చెప్పబోయింది. అప్పుడు మెట్లు గుర్తొచ్చాయి. ఆస్పత్రి పక్కన లాడ్జి. అక్కడికి చేరిన రోజు, సూదికి ముందటి రోజు, లిఫ్టు పనిచేయలేదు. నయీం సామాను మోసుకుంటూ ముందు పోయాడు, కిందికి వచ్చి నిన్ను ఎత్తుకుపోతా ఉండు ఆపా అన్నాడు. వాడొచ్చే లోపల ఆమె పక్క కమ్మీ పట్టుకుని మెట్లన్నీ ఎక్కేసింది. పైన వాడు చూసి, అబ్బో, ఆస్పత్రి గాలికే నీకు బలమొచ్చింది అని నవ్వాడు. అంతకు ముందు వారంలో ఇంట్లోనే బొటనవేలు కదిలింది. చలికాలం దుప్పటి కింద అది కదలడం చూసుకుంటూ పడుకున్న తెల్లవారుజాములు గుర్తొచ్చాయి.

"సూదికి ముందే," అంది గౌసియా మెల్లగా. "ముందే లేసినాది హరిణీ. మెట్లెక్కితి."

ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి తానూ అనుకోలేదు. సూది, ఆ తర్వాత నడక, ఆ తర్వాత నియాజ్. అంతా ఆ వరసనే జరిగినట్టు ఆమె మనసు కూడా కుట్టేసుకుంది.

హరిణి తలూపింది. ఆమెకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "తిరుపతి డాక్టరు ఇదే చెప్పినాడు. ఈ జబ్బు వచ్చి పడతాది, కొన్నాళ్లకు దానంతటది తగ్గుతాది, మళ్లా వస్తాది. తగ్గేటప్పుడు ఎవరు మందిచ్చి ఉంటే పేరు వాళ్లకు పోతాదన్నాడు. ఎండకు ఎక్కువైతాది, చల్లబడితే తేరుకుంటాది."

"మరి స్టెమ్ సెల్లనేదే అబద్ధమా?"

"అదీ కాదు. నిజమైనది ఒకటుందంట. మన రక్తంలో నుంచే విత్తనాల మాదిరి కణాలు తీసి దాచిపెట్టి, క్యాన్సరోళ్లకిచ్చేటి గట్టి మందులిచ్చి మన ఒంటి మీదికే తిరగబడిన రక్షణ బలగాన్నంతా తుడిచేసి, మళ్లా ఆ కణాలు ఎక్కిస్తారంట. పెద్ద ఆస్పత్రిలో వారాల తరబడి అద్దాల గదిలో ఉండల్ల. ప్రాణానికి ప్రమాదం కూడా. అందరికీ పనికిరాదు. పనికొచ్చినా ఇంక ముందుకు పోకుండా ఆపుతాదే గాని, పోయిన నరాన్ని తెచ్చియ్యదంట. ఇట్ల ఒక సూది పొడిచి మర్నాడు వీడియో తీసేది కాదు."

"తెలిసీ ఎందుకొచ్చినావు మళ్ల?"

హరిణి కర్ర పిడిని గోటితో గీరింది. "నీ వీడియో చూసిన రోజు మా అమ్మ వంట చేస్తా పాట పాడిందక్కా. నాకు జబ్బని తెలిసినాక ఆమె గొంతు నేను వినలేదు. నేనేం చెప్పినా భయపడి అంటాండావు అంటాది." వీధిలో తల్లుల మాటలు దగ్గరవుతున్నాయి. హరిణి గొంతు తగ్గించింది. "ఇప్పుడే చెప్పొద్దక్కా. ఆదివారం దాకన్నా పాడుకోనీ."

కమలాంబ లోపలికొచ్చింది. చేతిలో దర్గా చక్కెర. కూతురి నోట్లో కొంచెం, గౌసియా నోట్లో కొంచెం పెట్టింది. గౌసియా చక్కెర కరిగేదాకా నోట్లోనే పెట్టుకుని కూర్చుంది.

*

శనివారం పొద్దున ఆమె చట్రం దింపించుకోలేదు. నయీంను, తల్లిని కూర్చోబెట్టి మెట్ల సంగతి చెప్పి, క్యాంపులోనూ అదే చెప్తానంది.

"మెట్లెక్కితే ఏమాయ?" అన్నాడు నయీం. "అంతకు ముందు పడుకుని ఉంటివి, ఆ తర్వాత నడిస్తివి. మధ్యలో ఒక దినం అటూ ఇటూ. దానికి ఇంత కతా? ఉచితంగా ఇస్తామనే సూది పోగొట్టుకుంటావా? అన్సర్ దూలాభాయ్‌కి ఏమని చెప్తావు? నీ సూది కోసరమే ఆయప్ప సెలవు మానుకొని ఆడ కువైట్‌లో ఎండకు మాడతాండాడు."

"ఆ పిల్ల మందు ఆపేసిందిరా. నన్ను చూసి ఆపేసింది. చెయ్యి పడిపోతాంది దానికి."

"పిల్లకే తెలుసంటివి గదా! తెలిసీ వచ్చింది గదా! వాళ్ల తిప్పలు వాళ్లు పడ్తారు." వాడు లేచి, గోడకానించిన చట్రం వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు. "నిన్ను మల్లా ఎత్తుకొని తిప్పలేక కాదు ఆపా నేననేది. ఎత్తుకుంటా. నువ్వు నడిస్తే చూడాలని."

అజ్మత్ బీ అంతసేపూ తస్బీ పూసలు తిప్పుతూనే ఉంది. "సూదికి ముందే లేసిందా?" అని అడిగింది చివరికి. "అట్లయితే ఇచ్చినోడే ఇచ్చినాడు. మనం నియాజ్ చేసింది తప్పేం గాదు." ఇంకో పూస జరిపి, అంతే నెమ్మదిగా అంది: "అయినా రేపు పోయి నడుసు బేటీ. రెండో సూది వేయించుకో. ఏమో, అదన్నా పట్టుకుంటాదేమో."

గౌసియా తల్లిని తప్పుపట్టలేకపోయింది. తనకూ ఆ సూది కావాలనే ఉంది. అంతా తెలిసి, మెట్లు గుర్తొచ్చి, అయినా ఒంట్లో ఎక్కడో ఒక మూల ఆ 'ఏమో' కూర్చునే ఉంది.

*

జమ్మలమడుగు దాకా నయీం ఆటోకు రెండు పక్కలా తడిచీర కట్టాడు. అయినా దారి పొడుగునా వడగాలి నిప్పుసెగ కొట్టింది. మండపం దగ్గర గౌసియాను వాడు ఎత్తి దించి, వెనక తలుపు నుంచి లోపలికి తీసుకుపోయాడు. ప్రసూన అట్లాగే రమ్మని చెప్పింది.

లోపల పండగలా ఉంది చల్లదనం. ఒళ్లంతా జలదరించింది. ప్రసూన ఎదురొచ్చి శాలువా కప్పబోతే గౌసియా వద్దంది. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. కాసేపటికి కాళ్లు తిరిగి రావడం తెలుస్తోంది. మొదట అరికాలు, తర్వాత మడమ, తర్వాత మోకాలు. అలిగి పోయిన బిడ్డ మెల్లగా ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాయి. ఆమె వద్దనుకున్నా సంతోషమేసింది.

హాలు నిండా మనుషులు. చక్రాల కుర్చీలు, కర్రలు, చంకన ఎత్తుకున్న పెద్దపిల్లలు. ముందువరసలో కమలాంబ, హరిణి. కమలాంబ పట్టుచీర కట్టుకుంది.

పేరు పిలవగానే గౌసియా లేచి నడిచింది. నడవకూడదనుకోలేదు, నడిచి, మైకు ఇచ్చినప్పుడు నిజం చెప్పాలనుకుంది. స్టేజీ ఆ చివర నుంచి ఈ చివరకు ఎవరినీ పట్టుకోకుండా వచ్చింది. చప్పట్లు కొట్టారు. వెనకెక్కడో ఒక ముసలాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. మైకు చేతికొచ్చింది.

"నా కాలు సూదికి ముందే లేసినాది," అంది గౌసియా. "సూది వల్ల కాదు. ఇంట్లోనే వేలు కదిలినాది. లాడ్జిలో మెట్లెక్కినాను. సూది ఆ మర్నాడు వేసినారు. ఇప్పుడు ఎండలకు మల్లా పోయినాయి కాళ్లు. మీరు తిరుపతి మందో, ఏ మందో, వాడేది ఆపొద్దండి."

ప్రసూన నవ్వు చెదరకుండా వచ్చి, ఆమె భుజం చుట్టూ చేయి వేసి, మైకు తన వైపు తిప్పుకుంది.

"విన్నారాండీ! సూది పడకముందే, మన డాక్టరుగారి దగ్గరికి రావాలనుకోగానే అక్కకి కాలు లేచిందంట! నమ్మకం అంటే అదీ! రెండో డోసు ఆలస్యమైతే ఎంత ఇబ్బందో కూడా అక్క చెప్పేశారు. అయినా చూడండి, మన కళ్లముందే ఎంత చక్కగా నడిచారో!"

చప్పట్లు మొదటిసారి కన్నా గట్టిగా మోగాయి. నడిచింది చూసిన కళ్లకు చెప్పింది వినే పని లేకపోయింది. కమలాంబ కొంగుతో కళ్లొత్తుకుంటూ రెండు చేతులెత్తి దండం పెట్టింది. హరిణి తల దించుకుంది.

భోజనాల వేళకు ముందువైపు అద్దాల తలుపులు తెరిచారు. విస్తర్లు పక్క షెడ్డులో వేశారు. అక్కడికి పోవాలంటే మండపం ముందరి సిమెంటు నేల దాటాలి. జనం గుంపులుగా కదిలారు. వెనక తలుపు దగ్గర ఆటో పెట్టినానని నయీం వచ్చి చెప్పాడు.

"ముందర గేటు కాడ పెట్టు," అంది గౌసియా.

"ముందరా? అంత ఎండలో ఎట్ల వస్తావు?"

"నడిసొస్తా."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. తాళంచెవి చేతిలోకి తీసుకుని పోయాడు.

గౌసియా అద్దాల తలుపు దాటింది. చెప్పులు వేసుకోలేదు, ఎడమకాలికి చెప్పు నిలవదు. ఎండ ఒక్కసారిగా నెత్తిన దిగింది. మెట్లు దిగి సిమెంటు నేల మధ్యకు వచ్చి అక్కడ ఆగింది. పోతున్నవాళ్లు ఆమెను గుర్తుపట్టి చుట్టూ చేరారు. సూది నొప్పి పెడ్తాదామ్మా? మా వోనికి మాట కూడా వస్తాదంటావా? ఎవరో ఆమె కొంగు తాకి కళ్లకద్దుకున్నారు. గౌసియా అట్లాగే నిలబడింది. ఇంట్లోనైతే ఈపాటికి తలుపు వేసేవాళ్లు.

మొదట చూపు పోయింది. ముఖాలన్నీ తెల్లబడి సున్నం కొట్టిన గోడలా అయ్యాయి. గుంపులో కమలాంబ గొంతు వినబడింది, "తల్లీ, ఎండలో ఎందుకు నిలబడ్డావు, లోపలికి రా," అంటూ. గౌసియా ఆ గొంతు వైపు తిరిగి అడుగు వేసింది. ఎడమకాలు రాలేదు. కుడికాలి మీద భారం వేసింది, అదీ మడిచిన గుడ్డలా కుంగింది. చేతులు ముందుకు పెట్టడానికి కూడా అందలేదు. పక్కకు పడిపోయింది.

"నీళ్లు, నీళ్లు! ఏం కాలేదండీ, వడదెబ్బ!" ప్రసూన పరిగెత్తుకొచ్చింది. గేటు దగ్గర నుంచి నయీం వచ్చి చంకల కింద చేతులు వేశాడు.

"లేపొద్దురా," అంది గౌసియా. "చూడనీ."

"ఆపా..."

"దినమ్మూ ఇంతే నేను," అంది. గొంతు పెద్దగా లేదు గానీ చుట్టూ ఉన్నవాళ్లకు వినబడింది. "పొద్దున రొంతసేపు, మల్లా చల్లగుండే చోట రొంతసేపు. మిగిలిందంతా ఇట్లనే."

కమలాంబ గుంపును తోసుకుని ముందుకొచ్చింది. ఆమె ముఖం ఎర్రబడింది. "మరి మొన్న మా ముందు నడిచావే! నేను నీ కాళ్లు పట్టుకున్నానే! అప్పుడు చెప్పలేకపోయావా?"

"ఐసునీళ్లల్లో కాళ్లు పెట్టుకొని నడిస్తినమ్మా. మీరొచ్చేటప్పటికి బక్కెట్టు మంచం కింద దాచినాము."

చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు షెడ్డు వైపు కదిలిపోయారు. కొందరు నిలబడ్డారు. నేలమీద పడి ఉన్న గౌసియా అరచేతులు, అరికాళ్లు సిమెంటుకు ఆనుకునే ఉన్నాయి.

"కాలుతుంది, కాళ్లు తియ్యి," అంది కమలాంబ కటువుగా. ఆమే హడావుడిలో చెప్పులు లేకుండా బయటికొచ్చింది. ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది. "కాలడం లేదా నీకు?"

"తెలీదమ్మా," అంది గౌసియా. "కాలతాండాదా?"

కమలాంబ కూర్చుని, గౌసియా కాళ్లను సిమెంటు మీంచి ఎత్తి తన పట్టుచీర ఒళ్లోకి తీసుకుంది. అరికాళ్లు కందిపోయి ఉన్నాయి.

"అమ్మా, మీ అమ్మాయి పేరు పిలుస్తున్నారండీ," అంది ప్రసూన మెట్ల మీద నుంచి. "డాక్టరుగారు మళ్లీ వెళ్లిపోతారు."

హరిణి కర్ర ఊనుకుంటూ మెట్ల దాకా వచ్చి ఆగింది. మెట్టు దిగడానికి కుడికాలిని చేత్తో ఎత్తబోయింది. ఆ చెయ్యి పట్టు చిక్కక తొడ మీంచి జారింది. మళ్లీ ఎత్తబోయింది. మళ్లీ జారింది. కమలాంబ అది చూసింది.

"మా," అంది హరిణి, "సోమవారం తిరుపతికి పోదామా?"

కమలాంబ గౌసియా కాళ్లు మెల్లగా దించి, నయీం భుజం మీది తువ్వాలు తీసి వాటి కింద పరిచింది. లేచి, ప్రసూనను దాటుకుని, అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. చాలాసేపు తెరుచుకోలేదు. లోపల మైకులో ఎవరి పేర్లో పిలుస్తూనే ఉన్నారు.

బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో సంచీ, రెండు జతల చెప్పులు ఉన్నాయి.

"నాయనా," అంది నయీంతో, "మమ్మల్ని బస్టాండులో దింపుతావా?"

నయీం అక్క వైపు చూడలేదు. "ఎక్కండమ్మా," అన్నాడు.

గౌసియాను ఎత్తి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. పక్కన హరిణిని, ఆ చివర కమలాంబను. తడిచీరలు ఎప్పుడో ఎండిపోయి గాలికి కొట్టుకుంటున్నాయి. ఆటో గేటు దాటుతుండగా షెడ్డులోంచి కొందరు, అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని, అది కనుమరుగయ్యేదాకా చూశారు. మరికొందరు చేతులు కడుక్కుని హాల్లోకి తిరిగి పోతున్నారు.

కమలాంబ ముఖం బయటికి తిప్పుకుని ఏడవడం మొదలుపెట్టింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, గొంతు అణుచుకోలేదు. బస్టాండు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది. ఆటోలో ఉన్నవాళ్లెవరూ ఆమెను ఊరుకోమనలేదు.